బీబీఏ, బీసీఏ: రెండు దారులూ ఎచ్చెర్లలో కలుస్తాయి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల, లావేరు, రణస్థలం, జి.సిగడాం ఊళ్లలో ఏ అరుగు మీద చూసినా పిల్లల చదువుల మాటే. ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల దగ్గరే చేజారింది. ఈఏపీసెట్ ర్యాంకుకి మనసుకు నచ్చిన కాలేజీ వచ్చేలా లేదు. ఇక మిగిలింది డిగ్రీ. అందులో ఏది?

"బీసీఏలో ఎయ్యండి బావా, సాఫ్ట్‌వేర్ వస్తాది" అని హైదరాబాద్ నుంచి బావమరిది ఫోను. "బీబీఏ చేస్తే మీవాడు మేనేజరే కదండీ" అని ఇంటికొచ్చిన కాలేజీ పీఆర్వో ఊరింపు. "మా ఫ్రెండ్సందరూ అందులోనే సేరుతున్నారు నాన్నా" అని పిల్లవాడి వాదన. ఇటు చూసి, అటు చూసి, "ఇప్పుడు తప్పు చేస్తే బతుకంతా అనుభవించాలేమో" అని అమ్మానాన్నలకు రాత్రి నిద్ర పట్టదు.

ఆ భయం సగానికి సగం అక్కర్లేనిదని చెప్పడానికే ఈ నాలుగు మాటలూ. కోర్సు పేరు విషయంలో తప్పటడుగు పడినా సరిదిద్దుకోవడానికి మన రాష్ట్రంలో వీలుంది. తర్వాత సరిదిద్దుకోవడానికి కష్టమయ్యేవి వేరే ఉన్నాయి. వాటి మీద దృష్టి పెట్టండి.

మూడేళ్ల తర్వాత ఒకే పరీక్ష

డిగ్రీ అయ్యాక ఎంబీఏకి వెళ్లాలన్నా, ఎంసీఏకి వెళ్లాలన్నా ఆంధ్రప్రదేశ్‌లో రాయాల్సింది ఐసెట్. రెండింటికీ ఒకే ప్రశ్నపత్రం. రెండున్నర గంటల్లో 200 ప్రశ్నలు. అందులో అడిగేది విశ్లేషణ, లెక్కలు, భాష. బీబీఏ పాఠాలూ అడగరు, బీసీఏ పాఠాలూ అడగరు. ఆ ర్యాంకుతో వచ్చే సీట్లలో మన ముంగిట్లో ఉన్నవి ఎచ్చెర్ల క్యాంపస్‌వి. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలై, 2008లో డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ విశ్వవిద్యాలయంగా మారిన ఈ క్యాంపస్‌లో ఎంబీఏ ఉంది, ఎంసీఏ కూడా ఉంది.

ఎంబీఏకి ఏ డిగ్రీ అయినా చాలు, మార్కుల శాతం ఉంటే. బీసీఏ చదివిన అమ్మాయి ప్రోగ్రాములు తన వంటికి పడలేదనుకుంటే నిక్షేపంగా ఎంబీఏలో చేరవచ్చు. క్యాట్ రాసి, 2015లో విశాఖలో మొదలైన ఐఐఎంకైనా ప్రయత్నించవచ్చు. అక్కడా ఫలానా డిగ్రీయే కావాలన్న షరతు లేదు.

ఎంసీఏ సంగతి వేరు. బీసీఏ, లేదా కంప్యూటర్ సైన్సుతో చేసిన డిగ్రీ ఉంటే నేరుగా వెళ్లవచ్చు. అది లేనివాళ్లకు ఇంటర్లోనో డిగ్రీలోనో గణితం ఉండాలన్నది ఏళ్లుగా ఉన్న నియమం, చేరేనాటికి అది మారిందేమో చూసుకోండి. అంటే ఎంపీసీ, ఎంఈసీ చదివి బీబీఏలో చేరినవాడికి ఈ దారి పూర్తిగా మూసుకుపోదు. సీఈసీ చదివి బీబీఏలో చేరినవాడు మూడేళ్ల తర్వాత "నాకు కంప్యూటర్లే కావాలి" అంటే మాత్రం చిక్కు రావచ్చు. బీసీఏ నుంచి మేనేజ్‌మెంట్ వైపు రావడం తేలిక, బీబీఏ నుంచి కంప్యూటర్ల వైపు వెళ్లడం కష్టం. రెండు కోర్సుల మధ్య అసలైన తేడా ఇక్కడుంది.

"అయితే బీసీఏయే మేలు కదా?" అంటారేమో. ఆగండి. తేలిగ్గా మారవచ్చు కదా అని, ఇష్టం లేని పిల్లను మూడేళ్లు కంప్యూటర్ ముందు కూర్చోబెడితే చివరికి చేతికొచ్చేది సప్లిమెంటరీల పట్టిక. అందుకని ముందు ఆ తరగతి గదుల్లో ఏం జరుగుతుందో చూద్దాం.

లోపల ఏం చెబుతారు

బీసీఏ అంటే కంప్యూటర్ వాడటం నేర్పే కోర్సు అనుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. వర్డు, ఎక్సెల్, టైపింగు బజారులో ఏ సెంటర్లోనైనా రెండు నెలల్లో వస్తాయి. బీసీఏలో చెప్పేది కంప్యూటర్ చేత పని చేయించడం. సీ, జావా, పైథాన్ లాంటి భాషలు, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్కులు, వెబ్‌సైట్ల తయారీ, కొంత గణితం. ల్యాబులో ఒక ప్రోగ్రాము రాస్తారు. అది పనిచేయదు. ఎక్కడో ఒక చిన్న గుర్తు తప్పి ఉంటుంది. దాన్ని వెతకడానికి గంట పడుతుంది, రెండు గంటలూ పడుతుంది. దొరికాక మళ్లీ నడిపిస్తే ఇంకో తప్పు బయటపడుతుంది. ఈ వెతుకులాటలో విసుగు పుట్టకుండా, "ఇది ఎందుకు రావట్లేదో చూడాల్సిందే" అని పట్టుదల పెరిగే పిల్లలకు బీసీఏ బాగా పడుతుంది. "మావాడు ఫోన్లో ఆరితేరిపోయాడండీ" అన్నది దీనికి సాక్ష్యం కాదు. రీల్స్ చూడటంలో ఆరితేరడం వేరు, ఆ యాప్ ఎలా నడుస్తోందో తెలుసుకోవాలన్న ఆసక్తి వేరు.

బీబీఏ మీద ఉన్న అపోహ దీనికి తలకిందులు. అందులో లెక్కలు ఉండవనీ, నాలుగు కబుర్లు చెబితే పాసైపోతామనీ అనుకుంటారు. అకౌంటింగు ఉంటుంది, స్టాటిస్టిక్స్ ఉంటాయి, వ్యాపార గణితం, ఆర్థికశాస్త్రం, వ్యాపార చట్టాలు ఉంటాయి. వాటి పైన మార్కెటింగు, ఫైనాన్సు, ఉద్యోగుల వ్యవహారాలు చూసే హెచ్‌ఆర్. బ్యాలెన్స్ షీటు చదవడం రాని బీబీఏ పట్టాతో ఇంటర్వ్యూకి వెళ్తే మొదటి పది నిమిషాల్లోనే పట్టుబడిపోతారు. దానికితోడు నలుగురి ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాలి, ప్రాజెక్టు కోసం కొట్టు కొట్టుకీ తిరిగి సర్వే చేయాలి, నలుగురితో కలిసి పనిచేయాలి. పెళ్లింట్లో వడ్డనకు మనుషుల్ని పురమాయించే పిల్లా, క్రికెట్ టోర్నమెంటుకు చందాలు పోగుచేసి పైసలతో సహా లెక్క అప్పజెప్పే కుర్రాడూ ఈ కోర్సులో రాణిస్తారు.

ఈ రెండింటి మధ్యలో మన జిల్లాలో చాలా కాలేజీల్లో ఉన్న మూడో దారిని మరిచిపోకండి. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్. కామర్సు పునాదీ ఉంటుంది, డేటాబేస్, వెబ్, ట్యాలీ లాంటివీ తగులుతాయి. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక చిన్న రైస్ మిల్లుకైనా, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకైనా కంప్యూటర్లో లెక్క రాసే మనిషి లేకుండా గడవడం లేదు. సీఈసీ చదివి, కొలువు ఇంటికి దగ్గర్లో కావాలనుకునే పిల్లలకు ఇది బీబీఏ కన్నా, బీసీఏ కన్నా కూడా మెరుగు కావచ్చు. గణితం మీద మక్కువ ఉన్న ఎంపీసీ పిల్లలకు బీఎస్సీ కంప్యూటర్స్ ఎలాగూ ఉంది. టీచరు ఉద్యోగం మీద మనసున్న పిల్లలకైతే బీబీఏ, బీసీఏ రెండూ చుట్టుదారులే. డీఎస్సీ కలగనే ఇంట్లో బీఎస్సీ, బీఏల గురించి ముందు ఆలోచించండి.

పాల లెక్కతో ఒక పరీక్ష

పిల్లవాడికి ఏది పడుతుందో తెలుసుకోవడానికి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లనక్కర్లేదు. అడ్మిషన్లకు ముందు సెలవుల్లో ఇంట్లోనే చూడవచ్చు.

పాలకేంద్రం వాళ్లిచ్చే నెల చీటీలు తీసుకోండి. పాడి లేకపోతే కిరాణా కాతా పుస్తకమైనా సరే, ఎకరం వరికి పెట్టిన ఖర్చుల కాగితమైనా సరే. వాటిని పిల్లల చేతికిచ్చి "దీన్ని చూసి నీకేం అనిపిస్తే అది చెయ్యి" అనండి. ఇంకేమీ చెప్పకండి.

ఒక పిల్ల ఆ చీటీలు చూసి, "పూటకిన్ని లీటర్లు, వెన్న శాతం ఇంత, రేటు ఇంత. రోజూ చేత్తో లెక్క వేయడమెందుకు, ఒకసారి రాసి పెట్టుకుంటే అంకెలు వేయగానే డబ్బులెంతో అదే చెబుతుంది" అంటుంది. ఫోన్లోనే పైథాన్ ఎక్కించుకుని తంటాలు పడుతుంది. తప్పు వస్తే అన్నం తినడానికి కూడా లేవదు.

ఇంకో పిల్ల అవే చీటీలు చూసి, "పోయిన నెల వెన్న శాతం ఎందుకు తగ్గింది? దాణా మార్చామా? కేంద్రంలో పోయడం మేలా, హోటలుకి వాడికగా పోయడం మేలా? దాణా ఖర్చు తీస్తే మనకు మిగిలేది ఎంత?" అని అడుగుతుంది. పక్కింటివాళ్లకు ఎంత పడుతోందో కనుక్కొస్తుంది.

మొదటి పిల్ల మొగ్గు బీసీఏ వైపు, రెండో పిల్ల మొగ్గు బీబీఏ వైపు. రెండూ తెలివే. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. చీటీలు పక్కన పడేసి ఫోను చూసుకునే మూడో రకం పిల్లలూ ఉంటారు. వాళ్ల మీద కోప్పడకండి. వారం ఆగి ఇంకో పని ఇచ్చి చూడండి. పదిహేడేళ్ల వయసులో అన్నీ తేలిపోవాలని ఎక్కడా లేదు. అలాంటి పిల్లల విషయంలోనే నేను ముందు చెప్పిన మాట అక్కరకొస్తుంది. ఎటూ తేలకపోతే, లెక్కలంటే భయం లేకపోతే, తర్వాత రెండు వైపులా వెళ్లగలిగే బీసీఏ లేదా బీఎస్సీ కంప్యూటర్స్ ఎంచుకోవడం తెలివైన పని.

ఉద్యోగాల మాట

పేపర్లో పెద్ద అక్షరాలు చూసి కోర్సు ఎంచుకోకండి. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. మంచి వార్తే. కానీ డేటా సెంటర్ అంటే వేలమంది బీసీఏలు వరసగా కూర్చుని ప్రోగ్రాములు రాసే ఆఫీసు కాదు. అక్కడ యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి "ఏవియేషన్ మేనేజ్‌మెంట్" అని లక్షల ఫీజు అడిగేవాళ్లు కూడా ఉంటారు. విమానాశ్రయం చుట్టూ సరుకు రవాణా, గోదాములు, హోటళ్లు, క్యాబులు పెరుగుతాయి, వాటిలో బీబీఏ పిల్లలకు పని దొరుకుతుంది. అందుకు మామూలు బీబీఏ చాలు. రంగు రంగుల కరపత్రం అక్కర్లేదు.

ఐటీ కంపెనీల తీరు కూడా ఒక్కలా ఉండదు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్‌లో ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలు తగ్గింది. ఆ ఏడాది డిగ్రీ పూర్తి చేసిన పిల్లలు ఎంత తెలివైనవాళ్లైనా ఆఫర్ల కోసం పడిగాపులు పడ్డారు. మీవాడు ఇప్పుడు చేరితే బయటికొచ్చేది మూడేళ్ల తర్వాత. అప్పటి బజారు ఎలా ఉంటుందో చెప్పగల జోస్యుడు ఎవరూ లేరు. పైగా చిన్న చిన్న ప్రోగ్రాములు ఇప్పుడు ఏఐయే రాసిపెడుతోంది. అది రాసినదాంట్లో తప్పు పట్టగలిగే పిల్లలకు గిరాకీ ఉంటుంది. పాత రికార్డు చూసి ఎక్కించి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు కష్టమవుతుంది.

అయినా బీసీఏకి ఉన్న కొన్ని దారులు తెలిసి ఉండటం మంచిది. విప్రో సంస్థ విల్ప్ అనే పథకంలో బీసీఏ, బీఎస్సీ పిల్లల్ని తీసుకుని, ఉద్యోగం చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తుంది. టీసీఎస్ కూడా బీసీఏ, బీఎస్సీ వాళ్లకు విడిగా పరీక్ష పెడుతుంది. బీకాం, బీబీఏ పిల్లల్ని అదే సంస్థ, ఇతర కంపెనీల ఆఫీసు పనులు చేసిపెట్టే బీపీఎస్ విభాగంలోకి తీసుకుంటుంది.

ఇంటికి దగ్గరగా చూస్తే పైడిభీమవరం ఫార్మా కంపెనీలున్నాయి. ల్యాబు పనులు కెమిస్ట్రీ పిల్లలవి. కానీ స్టోర్సు, పర్చేజు, డిస్పాచి, టైమాఫీసు, హెచ్‌ఆర్ అన్నవి ప్రతి ఫ్యాక్టరీకీ ఉంటాయి. అక్కడ బీబీఏ, బీకాం పిల్లలు కుదురుకోగలరు. ఆ ఫ్యాక్టరీల కంప్యూటర్లను నడిపించే సిస్టమ్స్ విభాగంలో బీసీఏ వాళ్లకు చోటుంటుంది. ఇక బ్యాంకు క్లర్కు, పీవో, గ్రూప్-2, రైల్వేల్లో డిగ్రీ స్థాయి ఉద్యోగాలు, వీటన్నింటికీ ఏ డిగ్రీ అయినా ఒకటే. సర్కారు కొలువే గురి అయితే బీబీఏనా, బీసీఏనా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. లెక్కలు, రీజనింగు, ఇంగ్లీషు చేజారకుండా చూసుకుంటే చాలు.

కాలేజీలో అడగాల్సినవి

కోర్సు కన్నా కాలేజీ ముఖ్యమని అందరూ అంటారు. ఏం చూడాలో మాత్రం చెప్పరు. మీరు పెద్దగా చదువుకోకపోయినా సరే, ఈ ప్రశ్నలు ధైర్యంగా అడగండి.

మొదటిది, అనుమతి. బీబీఏ, బీసీఏ కోర్సులు 2024-25 విద్యా సంవత్సరం నుంచి అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) పరిధిలోకి వచ్చాయి. అంతకుముందు యూనివర్సిటీ అనుబంధం ఉంటే సరిపోయేది. ఇప్పుడు రెండూ కావాలి. "ఈ ఏడాదికి ఏఐసీటీఈ అనుమతి పత్రం చూపిస్తారా?" అని అడగండి. ఉన్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

రెండోది, ల్యాబు. బీసీఏ అయితే ల్యాబులోకి వెళ్లి కళ్లారా చూడండి. ఎన్ని కంప్యూటర్లున్నాయన్న దానికన్నా ఎన్ని పనిచేస్తున్నాయి, ఒక్కో దాని ముందు ఎంతమంది కూర్చుంటారు అన్నది ముఖ్యం. ముగ్గురికి ఒకటైతే ఒకడు నేర్చుకుంటాడు, ఇద్దరు చూస్తారు. బీబీఏ అయితే లెక్చరర్ల గురించి అడగండి. అకౌంట్సు ఎవరు చెబుతారు, ఎన్నేళ్లుగా ఉన్నారు? ఏటా మాస్టార్లు మారిపోయే చోట ఆ కోర్సు నిలబడదు.

మూడోది, ఇంటర్న్‌షిప్. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీలోనే ఇంటర్న్‌షిప్‌ను భాగం చేశారు. ఊళ్లో సమాజ సేవ ప్రాజెక్టుతో మొదలుపెట్టి, చివరికి ఒక సెమిస్టరంతా బయట పనిచేసేదాకా మొత్తం పది నెలలుగా దాన్ని రూపొందించారు. సరిగ్గా చేస్తే పిల్లల జాతకం మార్చే ఏర్పాటు అది. ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్ తెచ్చి అతికిస్తే కాగితం ముక్క. "పోయిన ఏడాది మీ పిల్లలు ఎక్కడెక్కడ చేశారు?" అని అడగండి. పేర్లు చెప్పకుండా నీళ్లు నమిలితే మీకు జవాబు వచ్చేసినట్టే.

నాలుగోది ఆఫీసులో అడిగేది కాదు. మూడో సంవత్సరం పిల్లల్ని ఇద్దర్ని కాలేజీ గేటు బయట పలకరించండి. "బాబూ, ఈ మూడేళ్లలో నువ్వు తయారుచేసింది ఏదైనా చూపిస్తావా?" అని అడగండి. ఫోను తీసి ఒక చిన్న యాప్ చూపిస్తే, లేదా ఫలానా కొట్లో అమ్మకాల మీద చేసిన సర్వే గురించి కళ్లు మెరుస్తూ చెబితే, ఆ కాలేజీలో చదువు ఉన్నట్టే.

డబ్బు సంగతి

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అని నిశ్చింతగా ఉండకండి. 75 శాతం హాజరు లేకపోతే అదే ఆగిపోవచ్చు. పీజీ దగ్గర ఇంకో మలుపు ఉంది. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. యూనివర్సిటీ కాలేజీలకు మాత్రం అది వర్తించలేదు. మీ పిల్లలు పీజీకి వచ్చేనాటికి నియమం ఎలా ఉందో అప్పుడు తప్పకుండా కనుక్కోండి. ఎచ్చెర్ల లాంటి యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు విలువ ఎంతో ఆ జీవోయే చెబుతుంది. అందుకే డిగ్రీ రెండో ఏడాది నుంచే ఐసెట్ లెక్కలు రోజుకి అరగంట చేయించడం మంచిది.

బీసీఏ మూడేళ్లు, ఎంసీఏ రెండేళ్లు, మొత్తం అయిదేళ్లు. 2020-21కి ముందు ఎంసీఏ మూడేళ్లు ఉండేది. బీటెక్ నాలుగేళ్లతో పోలిస్తే ఇప్పుడు ఒక్క ఏడాదే తేడా. బీటెక్ సీటు కోసం అప్పుచేసి యాజమాన్య కోటాలో చేరేకన్నా ఈ దారి చాలా ఇళ్లకు తేలిక. డిగ్రీ నాలుగో ఏడాది ఆనర్స్ చేయాలా వద్దా అన్నది మూడో ఏట చూసుకోవచ్చు. ఐసెట్ రాయడానికి మూడేళ్ల డిగ్రీ చాలు.

చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో వదిలిపెట్టకండి. చూసుకుని తిరిగి ఇచ్చేయాలని 2018లోనే యూజీసీ స్పష్టం చేసింది. మనసు మారితే ఇంకో చోటికి వెళ్లే స్వేచ్ఛ ఆ కాగితాల్లోనే ఉంది.

ఆడపిల్లల విషయంలో

"ఆడపిల్లకి మార్కెటింగేటి, బీసీఏ అయితే నీడపట్టున కూర్చుని చేసుకుంటాది" అనే పెద్దలు చాలామంది. ప్రేమతోనే అంటారు. కానీ మన ఊళ్లలో డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసి, బ్యాంకు మేనేజరుతో మాట్లాడి, లక్షల రుణం తెచ్చి పైసా తేడా రాకుండా కట్టించే అక్కలు ఎంతమంది లేరు? వాళ్లు చేసేది మేనేజ్‌మెంటే. ఆ అక్కల కూతుళ్లకు బీబీఏ పనికిరాదనడం న్యాయం కాదు. అలాగే కంప్యూటర్ ఉద్యోగమంటే నీడపట్టు మాత్రమే కాదు. విశాఖ, హైదరాబాద్, బెంగళూరు వెళ్లాలి, రాత్రి షిఫ్టులు ఉండవచ్చు. ఏ కోర్సైనా చివరికి పిల్లను ఊరు దాటిస్తుంది. దానికి మీ మనసు ఇప్పటినుంచే సిద్ధం చేసుకోండి. పెళ్లి సంబంధాల్లో ఏ డిగ్రీకి మాట తేలిక అన్న లెక్క మాత్రం వద్దు.

బీబీఏ, బీసీఏ చదివే అమ్మాయిలకు ఏఐసీటీఈ సరస్వతి పేరుతో ఏడాదికి 25 వేల రూపాయల స్కాలర్‌షిప్ తెచ్చింది. ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీలో చేరితేనే వస్తుంది. అనుమతి గురించి అడగమనడానికి ఇదింకో కారణం.

ఇంగ్లీషు, మీ చేతిలో ఉన్న పని

2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మీడియంలో చదివిన పిల్ల మొదటి సెమిస్టర్లో బెదురుతుంది. బీబీఏలో పేజీల కొద్దీ జవాబులు రాయాలి, మాట్లాడాలి కాబట్టి ఆ బెదురు ఎక్కువ. బీసీఏలో మాట తక్కువే అయినా, తప్పు ఎక్కడుందో కంప్యూటర్ చెప్పేది ఇంగ్లీషులోనే. మార్కులు తగ్గాయని మొదటి ఆరునెలల్లో తిట్టకండి. ఆ ఆరునెలలూ రోజూ ఒక పేజీ ఇంగ్లీషు పేపరు గట్టిగా చదివించండి. అర్థం కాకపోయినా మీరు పక్కన కూర్చుని వినండి, పిల్లలకు అదే ధైర్యం. పాఠం సరిగ్గా అందకపోతే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టాలి.

గణితం, చేసి చూసే అలవాటు, భాష. కోర్సు పేరు మార్చుకోవచ్చు గానీ, ఈ మూడూ వదిలేసిన మూడేళ్లు తిరిగి రావు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టలు అద్దె కట్టుకుంటూ మొదటి నుంచీ నేర్చుకునే పిల్లల్ని అడగండి, అదే చెబుతారు. వాళ్లలో బీబీఏలూ ఉన్నారు, బీసీఏలూ ఉన్నారు.

చివరగా, ఆన్‌లైన్ అడ్మిషన్ల సమయంలో జాగ్రత్త. "మీకెందుకండీ శ్రమ, ఆప్షన్లు మేం పెట్టేస్తాం, ఓటీపీ చెప్పండి చాలు" అని ఫోన్లు వస్తాయి. మర్యాదగా వద్దనండి. ఓటీపీ చెప్పారంటే పిల్ల ఏ కాలేజీలో, ఏ కోర్సులో చేరాలో ముక్కూ మొహం తెలియనివాడు తేల్చేసినట్టే. మూడు నాలుగు కాలేజీలు తిరిగి, చూసి, కాగితం మీద వరస రాసుకుని, మీసేవలోనో నెట్ సెంటర్లోనో పిల్లల చేతే ఆ వరస పెట్టించండి. పక్కన కూర్చుని కోర్సు పేరు, కాలేజీ పేరు పైకి చదివించి, ఆ తర్వాతే సబ్మిట్ నొక్కమనండి. రేపు కష్టమొచ్చినప్పుడు "మీరే వేశారు" అనకుండా, "నేనే ఎంచుకున్నాను" అనుకుని చదువుతారు.